ఆదివారం వంతు

లస్కరు గారు పోయి నెల దాటింది. ఆయన గురించి నాలుగు ముక్కలు రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఆయన కంటే ముందు నేనే కాగితం మీదికి వచ్చి నిలబడుతున్నాను. నా మొహం నాకే చూడబుద్ధి కాక పెన్ను పక్కన పెట్టేస్తున్నాను. ఇవాళ మాత్రం రాసే లేస్తాను.

కాలవ మీద తూములు ఎత్తి దించి, పొలాలకు వంతులవారీగా నీళ్ళు వదిలే ఉద్యోగిని మా వైపు లస్కరు అంటారు. ఆయన భట్టిప్రోలు దగ్గర ఒక కాలవ మీద ముప్పై ఏళ్ళ పైచిలుకు ఆ పని చేసి రిటైరయ్యారు. తెనాలిలో మా మేడ మీద వాటా అడగడానికి వచ్చినప్పుడు కూడా "లస్కర్నండి" అనే పరిచయం చేసుకున్నారు. పేరు ఆ తర్వాతెప్పుడో చెప్పారు గానీ మా ఇంట్లో ఎవరూ వాడలేదు. ఆయన భార్యకు పక్షవాతం. రోజు విడిచి రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళి ఫిజియోథెరపీ చేయించాలి. కూతురు రేపల్లెలో టీచరు. అక్కడినుంచి తల్లిని రైల్లో తిప్పడం కుదిరే పని కాదు, అందుకని తెనాలి వచ్చారు. అంతకుముందు మా వీధిలో రెండిళ్ళ వాళ్ళు, వీళ్ళు చర్చికి వెళ్ళేవాళ్ళని తెలిసి, వాటా ఖాళీ లేదని పంపేశారట. నేను ఇచ్చాను. ఇచ్చినందుకు నన్ను నేను చాలాకాలం మెచ్చుకున్నాను కూడా. కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి, ఇలాంటి విషయాల్లో నా మీద నాకు మంచి అభిప్రాయం ఉండేది.

మనిషి సన్నగా, పొడుగ్గా ఉండేవారు. రిటైరయినా ఖాకీ చొక్కా మానలేదు. వీధి మధ్యలో నడవడం ఆయనకు రాదు. గట్టు మీద తిరిగిన అలవాటుతో రోడ్డు అంచున, తల కాస్త ఓ పక్కకి వంచి, కింద ఏదో పారుతున్నట్టు చూసుకుంటూ నడిచేవారు. పొద్దున్నే మా ఇంటి ముందు మురిక్కాలవలో ఏ కవరో అడ్డం పడి ఉంటే పుల్లతో తీసి పక్కన పెట్టేవారు. "మీకెందుకండీ ఆ పని, మునిసిపాలిటీ వాళ్ళు వస్తారుగా" అని మా ఆవిడ అంటే, "నీళ్ళు ఆగితే నాకు కాలూ చెయ్యీ ఆడదమ్మా" అనేవారు. ఎవరింటి మీద ట్యాంకు పొంగినా వీధిలోంచి కేకేసి చెప్పేవారు. కాఫీ ఇస్తే తీసుకునేవారు గానీ కుర్చీలో మాత్రం కూర్చునేవారు కాదు, మెట్టు మీదే. కూర్చోండి అని నేను అనేవాణ్ణి. ఒక్కసారి అని ఊరుకునేవాణ్ణి.

మా ఇంట్లో నెట్ కనెక్షన్ ఒకటి, కంప్యూటర్లు మూడు. మా ఆవిడ స్కూలు నుంచి వచ్చాక సాయంత్రాలు ఆన్‌లైన్‌లో పిల్లలకి లెక్కలు చెబుతుంది, అదొకటి. మా అమ్మాయి చదువుకునేది ఒకటి. మూడోది నాది. హాల్లో టీవీ పక్కన నెట్ డబ్బా, దానికి నాలుగు కన్నాలు, మూడింట్లోంచి మూడు గదులకి మూడు వైర్లు. లస్కరు గారు ఓ రోజు కాఫీ గ్లాసు పట్టుకుని ఆ డబ్బా వైపు చాలాసేపు చూశారు.

"సార్, నాలుగో కన్నం ఖాళీగా ఉంది కదండీ. అందులోంచి పైకి ఓ పిల్లకాలవ తీసుకోమంటారా?"

విషయం ఏంటంటే, భట్టిప్రోలులో వాళ్ళ చర్చి ఆదివారం ఆరాధనను పాస్టరు గారబ్బాయి ఫోను పెట్టి నెట్‌లో చూపిస్తాడు. లస్కరు గారి భార్య ఆ చర్చిలో నలభై ఏళ్ళు కీర్తనలు ఎత్తుకున్న మనిషి. ఆమె మొదలుపెడితేనే మిగతా ఆడవాళ్ళు అందుకునేవారట. ఇప్పుడు మంచం మీద ఉంది, ఆరాధన చూడాలని ఉంది. ఆయనది బటన్ల ఫోను. కూతురు పాత కంప్యూటర్ ఒకటి ఇచ్చింది. మా స్లాబు దాటి వైఫై పైకి ఎక్కదు. నేను సరేనన్నాను. మర్నాడు ఆయనే వైరు కొనుక్కొచ్చి, మెట్ల పక్క కిటికీలోంచి పైకి లాగి, మూడడుగులకో మేకు చొప్పున ఎంత తిన్నగా కొట్టారంటే, కంపెనీ వాళ్ళు వేసిన వైర్లు దాని ముందు సిగ్గుపడాలి.

నలుగురికీ ఒకటే కనెక్షన్ అయ్యేసరికి ఇంట్లో రోజూ గొడవే. మా ఆవిడ పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోయేది, మా అమ్మాయి నా మీద పడేది, నేను కంపెనీ మీద పడేవాణ్ణి. అది విని లస్కరు గారు మెట్టు మీద కూర్చుని, "మొత్తం ఎంతమంది రైతులమ్మా?" అని అడిగారు. మా అమ్మాయికి నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వకుండా ఎవరికి ఎప్పుడు ఎంత కావాలో విడివిడిగా కనుక్కుని, పాత క్యాలెండర్ కాగితం వెనక గళ్ళు గీసి, వంతులు రాసి, డబ్బా పైన గోడకి అంటించారు. సాయంత్రాలు మా ఆవిడవి, ఆ తర్వాత అమ్మాయివి, పొద్దుటి పూటలు నావి. ఆదివారం తొమ్మిదిన్నర నుంచి పన్నెండు వరకు మాత్రం 'పైన' అని రాసుకున్నారు.

"ఆ రెండున్నర గంటలు తప్ప వారమంతా మీదేనండి" అన్నారు.

ఆశ్చర్యంగా, గొడవలు ఆగిపోయాయి. నేను మెచ్చుకుంటే ఆయన ఇందులో పెద్ద విద్యేమీ లేదన్నారు. "ఎగువోళ్ళకి నీళ్ళు ఎప్పుడైనా అందుతాయండి. కాలవ వాళ్ళ గుమ్మంలోనే ఉంటుంది. శివారు పొలం వాడికి అందాయా లేదా అని చూసుకోవాలండి. ఆ చివరి మడి తడిసిందంటే మిగతావన్నీ తడిసినట్టే." మా ఇంట్లో శివారు పొలం తమదేనని ఆయన అనలేదు. నాకూ తట్టలేదు.

ఒక ఆదివారం ఏదో పనిమీద పైకి వెళ్ళాను. ఆమెను దిండ్లకి ఆనించి కూర్చోబెట్టారు. ఉతికిన తెల్లచీర, తలలో దువ్వెన పెట్టి దువ్విన గుర్తు. ఎదురుగా స్టూలు మీద కంప్యూటర్. తెర మీద చర్చి, ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కిటికీ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ. అది ఆమె చోటట, ఇంకెవరినీ కూర్చోనివ్వరట. కీర్తన మొదలైంది. రెండు ముక్కలు కలిపి పలకలేని ఆ నోట్లోంచి రాగం, కొంచెం వంకరగానే, కానీ వేళ తప్పకుండా వచ్చింది. "మాట పోయింది గానీ పాట పోలేదండి" అని లస్కరు గారు నా చెవిలో అన్నారు. ఆరాధన అయ్యాక ఆడవాళ్ళు నలుగురైదుగురు ఫోను దగ్గరికి వచ్చి, తెర నిండా మొహాలు పెట్టి, "వందనాలు అక్కా, వందనాలు" అన్నారు. ఆమె బాగున్న చెయ్యి ఎత్తింది. వాళ్ళకి కనబడదని తెలిసినా ఎత్తింది. నేను కిందికి వచ్చి మా ఆవిడకి ఆ సంగతి, ఆమె చెయ్యి ఎత్తడంతో సహా, రెండుసార్లు చెప్పాను. ఇది కూడా రాస్తున్నాను ఎందుకంటే, తర్వాత చేసిన పని తెలియక చేశానని ఎవరూ అనుకోకూడదు.

నేను బాపట్లలో డిగ్రీ చదివాను. మా బ్యాచ్ వాళ్ళం పాతికమందిమి ఆదివారాలు పదింటికి ఆన్‌లైన్‌లో కలుసుకోవడం మొదలుపెట్టాం. కార్యక్రమం నడిపేది నేను. ఎవరు ఎప్పుడు మాట్లాడాలో చెప్పడం, మధ్యమధ్య చమత్కారాలు విసరడం నాకు భలే ఇష్టం. ఒక ఆదివారం నేను బ్రహ్మాండమైన వాక్యం ఒకటి ఎత్తుకున్నాను, సగంలో నా బొమ్మ ఆగిపోయింది. నోరు తెరిచి, కళ్ళు అరమోడ్చి, ఒక చెయ్యి గాల్లో. రెండు నిమిషాల పాటు అలాగే ఉందట. బాపట్లలోనే ఉంటున్న ఒక మహానుభావుడు దాన్ని ఫొటో తీసి స్టిక్కరు చేశాడు. ఆ రోజు నుంచి గ్రూపులో ఎవరు ఆవలించినా, ఎవరు అప్పడిగినా, ఎవరి మనవడు ఏడ్చినా నా బొమ్మే. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకో స్టిక్కరు చేస్తారు.

పైన చర్చి చూస్తుండబట్టే నా బొమ్మ ఆగిందని తీర్మానించుకున్నాను. గోడ మీద కాగితం ప్రకారం ఆ వేళ నాది కాదు. మావాళ్ళతో "సాయంత్రం పెట్టుకుందాం రా" అంటే సరిపోయేది. మేడ మీద అద్దెకున్నవాళ్ళ కోసం పాతికమందిని టైం మార్చుకోమనడం నాకు నామోషీ అనిపించింది. లస్కరు గారితో మాట్లాడటం అంతకంటే నామోషీ. అప్పుడే నెట్‌లో ఒక వీడియో చూశాను. డబ్బా సెట్టింగుల్లోకి వెళ్ళి, ఫలానా కంప్యూటర్‌కి ఫలానా రోజు ఇన్నింటి నుంచి ఇన్నింటి దాకా నెట్ వెళ్ళకుండా ఆపొచ్చట. శనివారం మధ్యాహ్నం భోజనం చేసి కూర్చుని ఆ పని చేశాను. ఎవర్నీ ఒక్క మాట అనలేదు. కుర్చీలోంచి లేవను కూడా లేవలేదు.

మర్నాడు తొమ్మిదిన్నర దాటాక ఆయన దిగొచ్చారు.

"సార్, పైన నెట్టు రావట్లేదండి. మీకు వస్తోందాండి?"

"వస్తోందే. మీ వైరు చూసుకోండి" అన్నాను.

చూసుకున్నారు. డెబ్బై ఏళ్ళ మనిషి పిట్టగోడ మీంచి వంగి, మేకు మేకూ తడుముకుంటూ కిందిదాకా వచ్చారు. వైరు చివర క్లిప్పు మార్పించారు. వారమంతా నెట్ వచ్చింది, తర్వాతి ఆదివారం మళ్ళీ ఆగింది. ఈసారి బజారుకెళ్ళి వైరే కొత్తది తెచ్చి, పాతది పీకి, మొదట్నుంచీ మళ్ళీ వేశారు. ఆయన నిచ్చెన మీదుంటే నేను కింద పట్టుకున్నాను. నిచ్చెన పట్టుకున్నాను, అది రాయకుండా ఉండలేను. "నా వైరు మూలంగా మీక్కూడా ఏమన్నా ఇబ్బంది అవుతోందేమోనమ్మా" అని మా ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నారు. ఆ ఆదివారమే మా బ్యాచ్ మీటింగులో నా బొమ్మ మళ్ళీ ఆగిపోయింది. అంటే తప్పు పైవాళ్ళది కాదు. అప్పుడైనా తీసేయాలి కదా. బద్ధకమనండి, పంతమనండి, తీయలేదు.

మూడో ఆదివారం ఆయన కిందికి రాలేదు. సోమవారం పొద్దున్న వచ్చి, మెట్టు మీద కూర్చోకుండా నిలబడే మాట్లాడారు.

"వారమంతా వస్తోందండి. ఆదివారం తొమ్మిదిన్నరకి ఆగి, పన్నెండింటికి మళ్ళీ వస్తోందండి."

"అలాగా" అన్నాను.

"గండి పడితే రోజూ పోతాయి కదండీ నీళ్ళు. టైం ప్రకారం ఆగాయంటే ఎవరో తూము దించినట్టండి."

ఆయన నా మొహం వైపు చూడలేదు. డబ్బా వైపే చూస్తున్నారు. ఆ క్షణంలో ఒక్క మాట అంటే అయిపోయేది. "కంపెనీ వాళ్ళు ఆదివారాలు ఏవో రిపేర్లు చేస్తున్నారటండి" అన్నాను. పాతికేళ్ళు పిల్లల అబద్ధాలు పట్టుకున్నవాణ్ణి, నా గొంతు నాకు తెలియదా.

"అంతేనేమోనండి" అన్నారు.

ఇంతలో మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏంటి లస్కరు గారూ, ఎక్కడుందో దొరికిందా?" అంది.

"వైరు ఎక్కడో ఎలక కొరికినట్టుందమ్మా. చూసుకుంటాను."

"కొత్త వైరేగా, అప్పుడే కొరికిందా?"

"వాటికి కొత్తా పాతా ఏం తెలుస్తుందమ్మా" అని నవ్వి, పైకి వెళ్ళిపోయారు.

ఆ రోజే తీసేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఇప్పుడు ఇక్కడ ఒక లెక్క వేసుకున్నాను. ఆయన అడిగిన వారమే నెట్ వచ్చేస్తే, నేనే ఆపానని ఒప్పుకున్నట్టే కదా. ఇంకో ఆదివారం పోనిచ్చి ఆ తర్వాత తీస్తే, కంపెనీ వాళ్ళు బాగుచేశారని చెప్పుకోవచ్చు. మర్యాద నిలబడుతుంది. ఒక్క ఆదివారమేగా అనుకున్నాను. నాలుగో ఆదివారం కూడా ఆమె దిండ్లకి ఆనుకుని, నల్లటి తెర ముందు కూర్చుంది. గురువారం పొద్దున్న పోయింది.

మా ఆవిడ పైకి పరుగెత్తింది. పైనుంచి, ముందురోజే వచ్చిన వాళ్ళ కూతురి ఏడుపు వినబడుతోంది. నేను గదిలోకి వెళ్ళి, తలుపు వేసి, కంప్యూటర్ పెట్టి, ఆ అడ్డు తీసేశాను. మనిషి పోయిన ఇంట్లో నేను చేసిన మొదటి పని అది. తర్వాతే మెట్లెక్కాను.

పది రోజులకి లస్కరు గారు సామాను తీసుకెళ్ళడానికి కూతురితో వచ్చారు. అది ఆదివారం. గిన్నెలవీ కూతురు సర్దుతుంటే ఆయన ఒక్కరే కంప్యూటర్ ముందు కూర్చున్నారట. తొమ్మిదిన్నరకి చర్చి వచ్చిందట, ఆరాధన మొత్తం చూశారట. పన్నెండు దాటాక దిగొచ్చి, పై అధికారికి కాలవ సంగతి చెప్పినట్టు చెప్పారు.

"నెట్టు వచ్చిందండి. బాగా వస్తోందండి, ఎక్కడా ఆగలేదు."

నేను ముందే తయారు చేసి పెట్టుకున్న మాట, కంపెనీ వాళ్ళ మాట, చెప్పేశాను.

"మంచిదండి" అన్నారు.

ఏడాది తర్వాత పరీక్షల డ్యూటీ రేపల్లెలో పడింది. వాళ్ళ కూతురింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. ఆయన నన్ను టీ తాగడానికి బస్టాండు వైపు తీసుకెళ్ళారు. దారంతా నేను మాట వెతుక్కుంటూనే ఉన్నాను. టీ కొట్టు ముందు నిలబడ్డాక, నేను అడక్కుండానే, తన ఉద్యోగం నాటి సంగతొకటి ఎత్తుకున్నారు.

"నీళ్ళు తక్కువొచ్చిన ఏడు ఎగువోళ్ళు కిందికి నీళ్ళు పోకుండా దొంగతనంగా తూము దించేసుకునేవాళ్ళండి. ఎవరో నాకు తెలిసేదండి. పేరు మాత్రం పై ఆఫీసుకి రాసేవాణ్ణి కాదు."

"ఎందుకని?"

"రాస్తే వాడు మర్నాడు నా మొహం చూడలేడు కదండీ. వాడికీ మళ్ళీ నీళ్ళు వదలాల్సింది నేనే."

ఆయన నాకు దారి ఇచ్చారని నాకు అర్థమైంది. ఒక్క అడుగు వేస్తే చాలు. నేను టీలో చక్కెర ఎక్కువైందన్నాను. ఆయన టీ కొట్టతన్ని పిలిచి నాకు ఇంకో టీ చెప్పారు.

పోయిన నెల కూతురు ఫోను చేసి, "నాన్నగారు పోయారండి. భట్టిప్రోలు చర్చిలో ఆయన్ని తలుచుకుంటూ ఆదరణ కూటం పెట్టుకున్నాం. మీరు తప్పకుండా రావాలండి" అంది. మా ఆవిడకి స్కూలు. నేనొక్కణ్ణే రేపల్లె పాసింజరెక్కాను. ఈసారి చెప్పి తీరాలని దారి పొడుగునా మూడు వాక్యాలు తయారు చేసుకున్నాను. నేను ఆపాను, ఆయనకి తెలుసు, ఆయన ఎవరికీ చెప్పలేదు. ఇంతే. ఆయన వాళ్ళకైనా ఆయన ఎలాంటి మనిషో తెలియాలనుకున్నాను. నా సిగ్గు సంగతి తర్వాత.

చర్చి గుమ్మంలోనే ఒకావిడ నా రెండు చేతులూ పట్టుకుంది. తెర నిండా మొహాలు పెట్టి వందనాలు చెప్పినవాళ్ళలో ఆమె ఒకతె, గుర్తుపట్టాను.

"మీరేనాండీ తెనాలి మాస్టారు? చివరాదివారం కూడా అక్క మమ్మల్ని చూసిందటండి. మేం పాడిన కీర్తనకి గొంతు కలిపిందని లస్కరన్న చెప్పాడండి. మేం వందనాలు చెబితే చెయ్యి కూడా ఎత్తిందట. మీ ఇంట్లో ఉండబట్టే కదండీ అక్కకి ఆ భాగ్యం దొరికింది."

నా మూడు వాక్యాలు ఎక్కడికో పోయాయి. నేను నిజం చెబితే నా పరువొక్కటే పోదు. ఆ నాలుగు ఆదివారాలూ ఆమె చూసిందని ఏడాదిన్నరగా నమ్ముతున్న ఈ ఆడవాళ్ళ దగ్గర్నుంచి అది కూడా పోతుంది. ఇలా అనుకుని నోరు మూసుకున్నాను. ఇది దయో, నాకు అలవాటైన పిరికితనం కొత్త చొక్కా తొడుక్కుని వచ్చిందో, ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను. తేల్చుకోలేకపోతున్నానని అనడం కూడా అబద్ధమేమో.

నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. చాలా మంచి మనిషని, ఎవరికీ ఇబ్బంది కలిగించలేదని చెప్పి కూర్చున్నాను. తర్వాత పాస్టరు గారు అందర్నీ తలలు వంచమన్నారు. లస్కరు గారి కోసం ప్రార్థించారు, ఆయన భార్యను తలుచుకున్నారు, కూతురి కుటుంబాన్ని ఆదరించమన్నారు. ఆ తర్వాత, "మంచం పట్టిన మా సహోదరికి చివరి ఆదివారం దాకా నీ ఆరాధనను అందించిన తెనాలి మాస్టారు గారి కోసం, తన ఇంట్లో ఉన్నది కాదనకుండా పంచిన ఆ చేతుల కోసం నీకు స్తోత్రం ప్రభువా" అన్నారు.

చర్చి అంతా ఆమెన్ అంది. పక్కనున్న ముసలాయన నేను కూడా అంటానేమోనని నా వైపు తిరిగి చూశాడు. నేనూ అన్నాను. అందరికంటే కొంచెం గట్టిగానే అన్నాను.